రేణిగుంటకు ముందు ఏ స్టేషన్?

పైథాన్‌లో ఒక లిస్టు రాసి అందులో ఆరు రైల్వే స్టేషన్లు వరసగా పెట్టి చూడండి: రేణిగుంట, తిరుపతి, చంద్రగిరి, పాకాల, చిత్తూరు, కాట్పాడి. గూడూరు వైపు నుంచి వచ్చి కాట్పాడికి పోయే బండి ఈ వరసలోనే వీటిని దాటుకుంటూ పోతుంది. చంద్రగిరికి అటూ ఇటూ ఏమున్నాయని ప్రోగ్రామును అడిగితే తిరుపతి, పాకాల అని ఠక్కున చెబుతుంది. బాగానే ఉంది. ఇప్పుడు రేణిగుంటకు ముందు ఏ స్టేషనో అడగండి. కాట్పాడి అంటుంది.

తడబాటు లేదు, తెర మీద ఎర్ర అక్షరాలు లేవు. రేణిగుంట ప్లాట్‌ఫారం మీద ఇడ్లీలమ్మే పిల్లవాణ్ణి అడిగినా 'అదేంది సామీ, కాట్పాడి ఆ కొసన కదా ఉండేది' అంటాడు. కంప్యూటరుకు ఆ మాత్రం ఇంగితం లేదు. దాని లెక్క దానిది. లిస్టులో గదులకు నంబర్లు సున్నా నుంచి మొదలవుతాయి. రేణిగుంటది సున్నా, కాట్పాడిది ఐదు. ముందు గది కావాలంటే ఒకటి తీసెయ్యాలి; సున్నాలోంచి ఒకటి తీస్తే మైనస్ ఒకటి. పైథాన్‌లో మైనస్ ఒకటి అంటే లిస్టులో చివరిది అని అర్థం. చివరి వస్తువును సులువుగా అందుకోవడానికి భాషను తయారుచేసినవాళ్లు పెట్టిన సదుపాయం అది. ఆ సదుపాయమే ఇక్కడ కొంప ముంచుతుంది.

అటు కొసన కథ వేరు. కాట్పాడి తర్వాత ఏముందని అడిగితే ఆరో నంబరు గది లేదని పైథాన్ ప్రోగ్రామునే ఆపేస్తుంది. అంటే కుడి కొసన గొంతు చించుకుని అరిచే భాష, ఎడమ కొసన నవ్వుతూ అబద్ధం చెబుతుందన్నమాట. జావా అలా కాదు. ఏ కొస దాటినా అరుస్తుంది. సీ భాషకు ఏ పట్టింపూ లేదు. హద్దు దాటి అడిగితే మెమరీలో ఆ పక్కన ఏ చెత్త ఉంటే దాన్నే స్టేషను పేరని చేతిలో పెట్టవచ్చు. ఈ మూడింటిలో కొత్తగా నేర్చుకునేవాళ్లకు మేలు చేసేది అరిచే భాషే. అరిస్తే కనీసం పొరపాటు ఎక్కడుందో తెలుస్తుంది.

లిస్టులో ఒక వస్తువుకు ఇరుగుపొరుగు ఎవరో కనుక్కోవడం ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లకు మొదటి నెలలోనే ఎదురయ్యే లెక్క. తిరుపతి చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల ల్యాబుల్లో ఏటా వేలమంది దీన్ని రాస్తారు. నంబరుకు ఒకటి కలుపు, ఒకటి తీసెయ్యి, అయిపోయింది. తేలికే. కానీ ఈ తేలిక లెక్కలో ఒక మాట ఎవరూ పైకి అనరు. పొరుగు అనేది ఆ వస్తువుకు ఉన్న గుణం కాదు, వరస పేర్చినవాళ్లు దానికి కట్టబెట్టింది. రేణిగుంట సంగతే చూడండి. అది జంక్షను. గూడూరు, అరక్కోణం, కడప, తిరుపతి, నాలుగు దిక్కులకూ పట్టాలున్నాయి. చెన్నై నుంచి వచ్చే సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో కూర్చున్నవాళ్లకు రేణిగుంట ముందు వచ్చేది పుత్తూరు. గూడూరు నుంచి వచ్చేవాళ్లకు శ్రీకాళహస్తి, ఏర్పేడు. కాబట్టి 'రేణిగుంటకు ముందు ఏ స్టేషన్' అన్న ప్రశ్నకు జవాబు రేణిగుంటలో లేదు, ఎక్కిన బండిలో ఉంది.

చివరి నుంచి మొదటికి చుట్టి రావడమే సరైన జవాబయ్యే వరసలూ ఉన్నాయి. వారాలు తీసుకోండి. ఆదివారానికి సున్నా, శనివారానికి ఆరు. తిరుమలలో గురువారం తిరుప్పావడ, శుక్రవారం అభిషేకం. ఇలా వారాన్ని బట్టి సాగే సేవల పట్టికను ప్రోగ్రాములో పెడితే ఆదివారానికి ముందు శనివారమే రావాలి. ఇందాక అబద్ధమాడిన పైథాన్ ఇక్కడ నిజం చెబుతుంది. ఈసారి తప్పేది కుడి కొస. శనివారం తర్వాత ఏడో గది లేదు కాబట్టి ఏడుతో భాగించి శేషం తీసుకోవాలి, అప్పుడు మళ్లీ సున్నా, ఆదివారం. వరస గీతా, వలయమా అన్నది ముందే తేల్చుకోవాలి. కంప్యూటరుకు రెండూ ఒకలాగే కనిపిస్తాయి.

మదనపల్లె టమాటా మార్కెట్‌ను చూస్తే ఈ కొసల గొడవ ఎంత డబ్బుతో కూడుకున్నదో తెలుస్తుంది. అక్కడి రైతుకు ఇవాళ్టి ధర ఎంత ముఖ్యమో నిన్నటితో పోలిస్తే ఎంత తేడా వచ్చిందన్నది అంతకంటే ముఖ్యం. 2023 జూలైలో టమాటా కిలో నూరు రూపాయలు దాటి దేశమంతా వార్తయినప్పుడు, రోజురోజుకీ తేడాయే అందరి నోటా నానింది. ఉదాహరణకు ఐదు రోజుల ధరలు 40, 44, 60, 52, 52 అనుకుందాం. పక్కపక్క రోజుల తేడాలు: 4 పెరిగింది, 16 పెరిగింది, 8 తగ్గింది, మార్పు లేదు. ఐదు రోజులకు తేడాలు నాలుగే. ఐదు రోజులున్నాయి కదా అని లూపును ఐదుసార్లు తిప్పితే మొదటి రోజుకు 'నిన్న' అనేది లేక ప్రోగ్రాము తికమక పడుతుంది.

ఆ తికమక తప్పించడానికి కొందరు ముందు ఒక సున్నా చేరుస్తారు. లెక్క ఆగకుండా సాగుతుంది. కాకపోతే మొదటి రోజే టమాటా ఒక్కసారిగా నలభై రూపాయలు ఎగబాకినట్టు చూపిస్తుంది. సీ ప్లస్ ప్లస్ భాషలో పక్కపక్క తేడాలు తీసే రెడీమేడ్ పనిముట్టు ఒకటుంది. అది చేసేదీ అచ్చంగా ఇదే, మొదటి విలువను ఉన్నదున్నట్టు జవాబులో వేసి ఆ తర్వాత తేడాలు రాసుకుంటూ పోతుంది. అది తెలియక ఆ జవాబును గ్రాఫుగా గీస్తే మొదటి రోజు దగ్గర కొండ లేస్తుంది. పైథాన్ ఈ విషయంలో నయం. 2021 అక్టోబరులో వచ్చిన 3.10 వెర్షన్‌లో పెయిర్‌వైజ్ అనే పనిముట్టును చేర్చారు. అది పక్కపక్క జతలను మాత్రమే ఇస్తుంది, ఐదింటికి నాలుగు, అంతకుమించి కల్పించదు. అంతకు ముందు అదే పనికి లిస్టును, మొదటి వస్తువు తీసేసిన దాని నకలును పక్కపక్కన పెట్టి జిప్ చేసేవాళ్లు. ఈ పని ఎంత తరచుగా పడుతుందో చెప్పడానికి, ఇన్నేళ్ల తర్వాత దానికంటూ ఒక పేరు పెట్టుకోవలసి రావడమే సాక్ష్యం.

నంబరు ఎలా తెలిసింది అన్నదగ్గర ఇంకో గొయ్యి ఉంది. తిరుపతిలో ఏ కాలేజీ హాజరుపట్టీ తెరిచినా ఇద్దరో ముగ్గురో శ్రీనివాసులు కనిపిస్తారు, ఒకరిద్దరు వెంకటేశులు, ఓ మునిరత్నం. 'శ్రీనివాసులు పక్కన ఎవరున్నారు' అని ప్రోగ్రామును అడిగితే అది ముందు శ్రీనివాసులు ఏ నంబరులో ఉన్నాడో వెతుకుతుంది. పైథాన్‌లో ఇండెక్స్ అనే ఆజ్ఞ మొదట తగిలినవాడి నంబరిచ్చి ఊరుకుంటుంది. మూడో వరసలోని శ్రీనివాసులు గురించి అడిగినా మొదటి వరసలోని శ్రీనివాసులు పొరుగువాళ్లనే చూపిస్తుంది. పేర్లు కలవని చిన్న పట్టీతో పరీక్షించినప్పుడు ఈ తప్పు బయటపడదు. అసలు పట్టీ వచ్చాక పడుతుంది, అప్పటికి ప్రోగ్రాము రాసినవాడు వేరే ఊళ్లో ఉంటాడు. పేరు పట్టుకుని పొరుగును వెతకడం కంటే వరస వెంట నడుస్తూ నంబరునూ పేరునూ కలిపి తీసుకుపోవడమే పద్ధతి.

నంబర్లే లేని వరసలూ ఉంటాయి. తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో కంపార్ట్‌మెంటు తలుపు తీయకముందు జనం నేల మీద కూర్చుని ఉంటారు. తాను వరసలో ఎన్నోవాడో ఎవరికీ తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. 'నా ముందర ఈ పచ్చచీర అక్క, నా ఎనక ఆ గుండు చేయించుకున్న అన్న' అన్నంత మాత్రం తెలిస్తే చాలు. తలుపు తీసి గోవింద నామాలు మొదలవగానే ఆ రెండు జ్ఞాపకాలతోనే వరస మళ్లీ కట్టుకుంటుంది. (తోపులాట సంగతి వేరు, దానికి ఏ కంప్యూటరు భాషలోనూ పరిష్కారం లేదు.) కంప్యూటర్ శాస్త్రంలో లింక్డ్ లిస్ట్ అంటే ఇదే. గదులకు నంబర్లుండవు, ఒక్కో గదిలో తన తర్వాతి గది చిరునామా రాసి ఉంటుంది, రెండు వైపులా కావాలంటే ముందు గదిది కూడా. 1955-56 ప్రాంతాల్లో అలెన్ న్యూవెల్, క్లిఫ్ షా, హెర్బర్ట్ సైమన్ తమ కృత్రిమ మేధ ప్రోగ్రాముల కోసం ఈ పద్ధతిని రూపొందించారు.

ఇందులో పొరుగును కనుక్కోవడం అనే పనే ఉండదు, అది రాసిపెట్టే ఉంటుంది. నాలుగువందలో మనిషిని చూపించమంటే మాత్రం మొదటి నుంచి ఒక్కొక్కరినీ అడుగుతూ నడవాల్సిందే. నంబర్ల లిస్టులో నాలుగువందలో గదికి నేరుగా పోవచ్చు, కానీ మధ్యలో ఒకరిని దూర్చాలంటే ఆ తర్వాతి వాళ్లందరినీ తలో అడుగు జరపాలి. లింక్డ్ లిస్టులో ఆ బెడద లేదు. ఒకరిని తీసేయాలంటే అటుపక్క మనిషికీ ఇటుపక్క మనిషికీ మాత్రం చెబితే చాలు, 'ఇకమీదట మీరిద్దరూ పక్కపక్క' అని.

విచిత్రం ఏమిటంటే, అలా తీసేసిన గది తన పాత పొరుగువాళ్లను మరచిపోదు. ఆ రెండు చిరునామాలూ దాని జేబులోనే ఉంటాయి. పొరుగువాళ్లు మాత్రం దాన్ని వదిలేశారు. అవసరమైతే ఆ చిరునామాలతోనే దాన్ని సరిగ్గా పాత చోట్లో తిరిగి కూర్చోబెట్టవచ్చు. డొనాల్డ్ నూత్ 2000లో 'డ్యాన్సింగ్ లింక్స్' అనే వ్యాసంలో ఈ కిటుకును లోకానికి చాటిచెప్పాడు. 1979లోనే హితోత్సుమత్సు, నోషిత అనే జపాన్ పరిశోధకులు దీన్ని చూపించారని ఆయనే గుర్తుచేశాడు. తీసెయ్యడం, వెనక్కి పెట్టడం, మళ్లీ తీసెయ్యడం, ఇలా గదులు ఆడుతుంటే చిక్కుముళ్లు విప్పే ప్రోగ్రాములు చకచకా నడుస్తాయి.

చిత్తూరు జిల్లావాళ్లకు ఇది కొత్త కాదు. 1911 ఏప్రిల్ 1న ఉత్తర ఆర్కాటు నుంచి కొన్ని తాలూకాలు, కడప నుంచి మదనపల్లె, వాయల్పాడు, వాటితో పాటు కొన్ని జమీందారీలు కలిపి ఈ జిల్లాను కట్టారు. 1960 ఏప్రిల్ 1న సరిహద్దు తగాదాలో మధ్యవర్తి అయిన పటాస్కర్ సిఫార్సుల ప్రకారం తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రానికి పోయింది. అటు పొన్నేరి, తిరువళ్లూరు తాలూకాల్లోని కొన్ని గ్రామాలు ఇటు వచ్చి సత్యవేడు ప్రాంతమయ్యాయి. ఒక గదిని తీశారు, ఇంకో గదిని చేర్చారు. జిల్లా పట్టికల్లో నగరి తర్వాత తిరుత్తణి లేదు. అయినా ఆడికృత్తికకు కావళ్లెత్తుకుని నగరి, పుత్తూరు వైపుల నుంచి జనం ఇప్పటికీ తిరుత్తణి కొండకే పోతారు. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాలు 13 నుంచి 26 అయినప్పుడు వరసలు మళ్లీ మారాయి. తిరుపతి వేరే జిల్లా అయింది, మదనపల్లె రాయచోటి కేంద్రంగా ఏర్పడిన అన్నమయ్య జిల్లాకు చేరింది. జిల్లా పేరును ముందుపెట్టి ఊళ్లను పేర్చిన ప్రతి పట్టికలోనూ ఒక్క రోజులో ఇరుగుపొరుగులు తారుమారయ్యాయి. ఊళ్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఇంతవరకూ లిస్టులో ఉన్న వస్తువు ఏదన్నది ఎవరూ ప్రశ్నించలేదు. స్టేషను, ధర, మనిషి, ఊరు, విడివిడిగా ఉన్నవే. తెలుగు అక్షరాల దగ్గరకు వచ్చేసరికి ఆ భరోసా కూడా పోతుంది.

'తిరుపతి' అని రాస్తే తెలుగువాడి కంటికి అక్షరాలు నాలుగు. కంప్యూటరు దాచుకునేది ఏడు: త, గుడి, ర, కొమ్ము, ప, త, గుడి. 'చిత్తూరు' మనకు మూడు అక్షరాలు, దానికి ఎనిమిది గుర్తులు. అందులో మూడోదీ ఐదోదీ త, ఆ రెంటికీ నడుమ వాటిని జతకలిపే పొల్లు గుర్తు ఒకటి. 'చ పక్కన ఏముంది' అని ప్రోగ్రామును అడిగితే 'గుడి' అంటుంది. అది తప్పు కాదు, కానీ అడిగినవాళ్లకు కావలసింది అది కాదు. యూనికోడ్ ప్రమాణంలో గుర్తుల్ని అక్షరాలుగా గుంపు కట్టే నియమాలున్నాయి. అవి కూడా చాలా ఏళ్ల పాటు పొల్లు దగ్గర విరిచేసి చిత్తూరును చి, త్, తూ, రు అని నాలుగు ముక్కలు చేసేవి. 2023లో వచ్చిన 15.1 వెర్షన్‌లో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకు జంటాక్షరాన్ని విరవకూడదన్న నియమం చేరింది. అప్పటికి గానీ ఆ ప్రమాణానికి చిత్తూరులో మూడు అక్షరాలున్నాయని తెలియలేదు.

ఈ మూడక్షరాల లెక్క తెలుగు మాస్టారి దగ్గర కూర్చున్న ప్రతి పిల్లవాడికీ తెలుసు, ఎందుకంటే గణ విభజన చేయించేది దానితోనే. చిత్తూరులో 'చి' హ్రస్వమే. ఒంటరిగా చూస్తే లఘువు. దాని పక్కన 'త్తూ' ఉంది కాబట్టి గురువైంది. తర్వాతిది దీర్ఘం కనుక తనంతట తానే గురువు, 'రు' లఘువు. గురువు, గురువు, లఘువు: త గణం. పాకాల, పీలేరు కూడా త గణాలే, కానీ వాటి గురువులన్నీ సొంత దీర్ఘాలు. చిత్తూరు, పుత్తూరుల మొదటి గురువు మాత్రం పొరుగింటి దయ. తిరుపతికి ఆ సహాయం చేసేవాళ్లు లేరు; నాలుగూ లఘువులే, నలము.

కాబట్టి గురులఘువుల్ని గుర్తించే ప్రోగ్రాము రాసేవాళ్లు ప్రతి అక్షరం దగ్గరా ఆగి పక్కదాన్ని తొంగి చూడాలి. ఒకటి కలిపి చూడటం, అంతే కదా అనిపిస్తుంది. అంతే కాదు. 'వేంకటస్వామి' సమాసం, అందులో 'స్వా' పక్కనున్న 'ట' గురువవుతుంది. 'కొండమీద స్వామి' రెండు విడి మాటలు; 'ద' పక్కన అదే 'స్వా' ఉన్నా తెలుగు మాట చివరి అక్షరం కనుక అది లఘువుగానే ఉండిపోతుంది. లిస్టులో పక్కపక్కనే ఉన్నారు, కానీ నడుమ గోడ ఉంది. ఆ గోడ నంబర్లలో కనిపించదు, భాష తెలిసినవాడికే కనిపిస్తుంది. ఇక పాదం చివరి అక్షరానికి తొంగి చూడటానికి ఎవరూ లేరు. సంస్కృత ఛందస్సు అక్కడ ముందుచూపు చూపించింది: పాదాంతంలోని లఘువును అవసరమైతే గురువుగా తీసుకోవచ్చని ముందే అనుమతి రాసిపెట్టింది. పొరుగు లేనిచోట ఏం చెయ్యాలో నియమంలోనే రాసిపెట్టడం అంటే అది. టమాటా ధరల ముందు సున్నా దూర్చేవాళ్లు చదవదగ్గ పాఠం.

వ్యాకరణం ఇంకా వెనక్కి తీసుకుపోతుంది. తిరుపతిలో 1961లో మొదలై 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా మారిన జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంలో వ్యాకరణం చదివే విద్యార్థులు మొట్టమొదట నేర్చేవాటిలో పాణిని పెట్టుకున్న ఒక ఏర్పాటు ఉంటుంది. సంధి అంటేనే పక్కపక్క ధ్వనుల వ్యవహారం. మారేది ఎడమదా, కుడిదా అన్నది ప్రతి సూత్రంలోనూ చెప్పాలి. సూత్రాలు నాలుగు వేలదాకా ఉన్నాయి, ప్రతిసారీ 'దీనికి ముందున్నది', 'దీనికి తర్వాతది' అని రాస్తూ పోతే గ్రంథం పెరిగిపోతుంది. అందుకని అష్టాధ్యాయి మొదటి అధ్యాయం మొదటి పాదంలో 66, 67 సూత్రాలుగా రెండు నిబంధనలు పెట్టాడు. మాటను సప్తమీ విభక్తిలో చెబితే పని దానికి వెంటనే ముందున్నదాని మీద, పంచమిలో చెబితే వెంటనే తర్వాత ఉన్నదాని మీద. ఆ తర్వాత గ్రంథమంతా విభక్తి ప్రత్యయమే ఎడమా కుడీ చూపించే బాణం. ఈ రోజుల్లో టెక్స్టులో ఒక నమూనాను వెతికే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో ముందు ఏముందో, వెనక ఏముందో చూసే గుర్తులు రెండున్నాయి. వాటిని గుర్తుపెట్టుకోవడం కంటే పాణిని పద్ధతే సులువేమో.

అక్షరాల పొరుగు లెక్క తప్పితే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో ప్రపంచం చూసింది. 'జ్ఞా' అని కనిపించే ఒక తెలుగు కూర్పు మెసేజీగా వస్తే చాలు, ఐఫోన్‌లో ఆ యాప్ కూలిపోయేది. నోటిఫికేషన్‌గా వస్తే ఏకంగా హోమ్ స్క్రీనే పడిపోయేది. అందులోని గుర్తులు ఐదు: జ, పొల్లు, ఞ, ఆ తర్వాత కంటికి కనిపించని, వెడల్పే లేని ఒక అడ్డుగుర్తు, చివర దీర్ఘం. పక్కపక్క అక్షరాలు అతుక్కోకుండా ఆపడానికి ఆ అడ్డుగుర్తును వాడతారు. మామూలుగా 'జ్ఞానం' అని రాసుకునేవాళ్లకు అది అడ్డురాదు కనుక వాళ్ల ఫోన్లకు ఏమీ కాలేదు. బెంగాలీ, దేవనాగరి లిపుల్లో కూడా ఇలాంటి కూర్పులు కొన్ని ఫోన్లను పడగొట్టాయి. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దీన్ని సరిదిద్దింది. అక్షరాలను తెర మీద పేర్చే భాగంలో మెమరీ పాడయ్యే లోపంగా దాన్ని నమోదు చేసింది.

తెలుగు రాతను ఒక్కసారి దగ్గరగా చూస్తే ఈ పని ఎంత మెలికలదో అర్థమవుతుంది. 'జ్ఞా'లో దీర్ఘం గుర్తు మెమరీలో ఞ తర్వాత ఉంటుంది. తెర మీద అది జ తల మీదకు పోతుంది. ఞ కిందకు దిగి వత్తుగా కూర్చుంటుంది. మెమరీలో పొరుగువాళ్లు తెర మీద పొరుగువాళ్లు కారు, తెర మీద ఒకరినొకరు తాకేవాళ్లు మెమరీలో మూడిళ్ల అవతల ఉంటారు. అక్షరం గీసే ప్రోగ్రాము ఆ లిస్టులో ముందుకూ వెనక్కూ నడుస్తూ ఎవరు ఎవరి మీద కూర్చోవాలో తేల్చాలి. నడుమ కనిపించని గుర్తు ఒకటి దూరితే దాన్ని పొరుగుగా లెక్కపెట్టాలా, దాటి పోవాలా అన్నది కూడా తేల్చుకోవాలి. బళ్లో పిల్లలు వేలితో నేల మీద దిద్దేసే అక్షరం కోసం ఇంత తతంగం నడుస్తుందని ఐఫోన్ వాడే తెలుగువాళ్లలో చాలామందికి తెలిసింది ఆ నెలలోనే.

వరస మారితే పొరుగు మారుతుందన్నది ఇంకా తేటగా చూడాలంటే పోస్టాఫీసు పిన్ కోడ్లు చాలు. 1972 ఆగస్టు 15న మొదలైన ఈ నంబర్లలో చిత్తూరుది 517001, చంద్రగిరిది 517101, పాకాలది 517112, తిరుపతిది 517501. అంకెల వరసలో పేరిస్తే చంద్రగిరికి తిరుపతికి మధ్య పాకాల వస్తుంది. రైల్లో తిరుపతికి పాకాలకు మధ్య చంద్రగిరి వస్తుంది. అకారాదిగా పేరిస్తే చంద్రగిరి, చిత్తూరు పక్కపక్కన చేరతాయి, నడుమ యాభై కిలోమీటర్లకు పైగా దూరమున్నా సరే. ఆన్‌లైన్ అమ్మకాల ప్రోగ్రాములు రాసేవాళ్లు పిన్ కోడ్ దగ్గరగా ఉంటే ఊరు దగ్గరే అనుకుంటే బోల్తా పడేది ఇక్కడే. బైనరీ సెర్చ్‌తో ఒక నంబరుకు అటూ ఇటూ ఉన్న నంబర్లను రెప్పపాటులో పట్టుకోవచ్చు, అవి అంకెలుగా పొరుగువే. బండి వేసుకుని సరుకు ఇవ్వడానికి పోయేది మాత్రం అంకెల మీద కాదు.

నగరి, తిరుత్తణిల సంగతి ఇంకా తమాషా. నగరిది 517590, తిరుత్తణిది 631209. మధ్య దూరం రోడ్డు మీద సుమారు ఇరవై కిలోమీటర్లు, అంకెల్లో లక్షా పదమూడు వేల పైమాట. పిన్ కోడ్ల వరసలో నగరి నుంచి తిరుత్తణికి పోవాలంటే విజయవాడ, విశాఖపట్నం, బెంగళూరు, చెన్నై అన్నీ దాటాలి. నేల మీద ఊళ్లు నాలుగు వైపులా పరుచుకుని ఉంటాయి. వాటిని ఏ ఒక్క గీతలో కుదించినా పక్కవాళ్లు కొందరు విడిపోక తప్పదు, నంబరు ఎంత తెలివిగా వేసినా సరే. అందుకే పటాల ప్రోగ్రాములు గీతను నమ్మవు. నేలను గళ్లుగా కోసి, అడిగిన గడిలోనే వెతికి ఊరుకోకుండా దాని చుట్టూ ఉన్న ఎనిమిది గళ్లలోనూ చూస్తాయి. నగరి బస్టాండులో నిలబడి దగ్గర్లో ఏమున్నాయని ఫోన్‌ను అడిగితే తిరుత్తణి కూడా తెర మీదకు వచ్చేది ఆ పక్క గళ్లు వెతకబట్టే.